పేరు కింద కాళ్లేవి?

నాగార్జునసాగర్ తెలియనివాళ్లు మనలో ఉండరు. నందికొండ అంటే మాత్రం 'అదెక్కడ?' అని అడిగేవాళ్లే ఎక్కువ. రెండూ ఒకటే. ఆనకట్ట రాకముందు దీన్ని నందికొండ ప్రాజెక్టు అనే పిలిచేవారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. అప్పుడు నిలిపిన స్తంభం పేరుతో పైలాన్ కాలనీ, కొండమీద సిబ్బందికి కట్టిన ఇళ్లతో హిల్ కాలనీ వెలిశాయి. 2018లో నందికొండ మున్సిపాలిటీ ఏర్పడ్డాక పాత పేరు మళ్లీ బోర్డులకెక్కింది. మా నాన్న డ్యామ్ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్. అందుకే నా చిన్నతనమంతా హిల్ కాలనీలోనే గడిచింది.

పోయిన చలికాలంలో, అక్కడ చిన్నప్పుడు కలిసి చదువుకున్నవాళ్లమంతా రెండు రోజులు కలుద్దామనుకున్నాం. "పాత ఫొటోలన్నీ పోగేసి తెర మీద చూపించే పని నీది. పేపర్లో రాసేవాడివి కదా!" అని నాకు అప్పగించారు. పేపర్లో రాసేవాడికి పవర్‌పాయింట్ కూడా వస్తుందని వాళ్లెందుకు అనుకున్నారో నాకు తెలియదు. రాదని చెప్పడానికి నాకూ మొహమాటమేసింది.

మొత్తం ముప్ఫై స్లైడ్లు చేశాను. ఫొటోలు, తేదీలు, నాలుగు కబుర్లు. 124 మీటర్ల ఎత్తున రాతితో లేచిన కట్ట, 26 గేట్లు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిన సంగతి... ఇవన్నీ అందరికీ తెలిసినవే. నేను ముచ్చటపడి చేసుకున్నవి చివరి రెండు స్లైడ్లు. వాటి నిండా పేర్లు. ఆనకట్ట మీద పనిచేసి, ఆ చుట్టుపక్కలే ఉండిపోయి, ఇప్పుడు లేనివాళ్ల పేర్లు. పెద్దవాళ్ల పేర్లకు శిలాఫలకాలున్నాయి. రాయి కొట్టినవాళ్లకూ, రాయి మోసినవాళ్లకూ, మాలు కలిపినవాళ్లకూ ఏ ఫలకమూ లేదు. పాలమూరు లేబర్ అన్న మాట దేశంలో ఎన్ని ఆనకట్టల దగ్గర వినపడిందో మీకు తెలుసు. అలా వచ్చినవాళ్లే వీళ్లలో చాలామంది. నలుగురం స్నేహితులం ఇల్లిల్లూ కనుక్కుని డెబ్భై రెండు పేర్లు రాసుకున్నాం. స్లైడుకు ముప్ఫై ఆరు, రెండేసి వరసలుగా పేర్చాను.

కార్యక్రమం బాగానే నడిచింది. చివరికి పేర్లు వచ్చాయి. హాలంతా నిశ్శబ్దమైపోయింది. ముందు వరసలో ఎనభై దాటిన ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది. వయసులో ఉండగా పాలమూరు నుంచి పెనిమిటి వెంట వచ్చి, ఇద్దరూ కట్ట మీద రాళ్లు మోశారు. ఆమెకు చదువు రాదు. కానీ ఒక్క పేరు గుర్తుపడుతుంది. బ్యాంకు పుస్తకంలో ఉండే పెనిమిటి పేరు. దాన్ని ఆమె చదవదు, పోల్చుకుంటుంది. మనిషిని పోల్చుకున్నట్టే.

"మా ఆయన పేరు ఏడున్నది బిడ్డా?" అనడిగింది.

తెర దగ్గరకు వెళ్లి వేలితో చూపించాను. ఆమె లేచి, కర్ర పట్టుకుని వచ్చి, కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"గిది ఆయన పేరు గాదు కొడుకా. ఆయన పేరు కింద రెండు కాళ్లుంటయి. దీనికి కాళ్లేవి?"

అప్పుడు చూశాను. ఆ పేరులో రెండు వత్తులున్నాయి. అవి రెండూ కింది వరసలోని పేరు మీద, దాని గుడి మీద పడి తెల్లగా ముద్దయిపోయాయి. ఒక్క ఆ పేరే కాదు, వత్తున్న ప్రతి పేరుకూ అదే గతి. ఇంట్లో నా కంప్యూటర్లో కాస్త ఇరుగ్గానే ఉన్నా ఇంత అధ్వాన్నంగా లేవు. "పేరు అదే పెద్దమ్మా, కంప్యూటర్ పొరపాటు" అన్నాను. ఆమె ఏమీ అనకుండా వెళ్లి కూర్చుంది. నిజానికి పొరపాటు కంప్యూటర్‌ది కాదు, నాది.

చాయ్‌లో చక్కెర

ఆ రాత్రి మా తమ్ముడి ఇంట్లో కూర్చుని ఒక్కో స్లైడు తెరిచి, ఒక్కో డబ్బాను పట్టుకుని, అక్షరాలు పెంచుతూ తగ్గిస్తూ కుస్తీ పడుతున్నాను. డిగ్రీ చదివే తమ్ముడి కూతురు వెనక నిలబడి కాసేపు చూసింది.

"పెద్దనాన్నా, ముప్ఫై స్లైడ్లూ ఇట్లనే మారుస్తవా? ఒక్కచోట మారిస్తే అయిపాయె గద!"

"ఎక్కడ?"

"మాస్టర్‌లో. దానికి డిఫాల్ట్‌గా ఏం కావాల్నో నువ్వు చెప్పనే లేదు. చెప్పకపోతే దానిష్టం వచ్చింది పెడ్తది."

ఈ డిఫాల్ట్ అన్న మాట మనం రోజూ వింటాం. టీకొట్టుకు వెళ్లి 'ఒక చాయ్' అంటే చక్కెర వేసే ఇస్తాడు. మనం అడగలేదు, వద్దనీ చెప్పలేదు. చక్కెర అతని డిఫాల్ట్. షుగరున్న మనిషి రోజూ 'చక్కెర లేకుండా' అని చెప్పుకోవాల్సిందే. లేదా ఒకరోజు గట్టిగా 'నాకెప్పుడూ చక్కెర వద్దు' అని చెప్పుకుంటే ఇక రోజూ చెప్పే పని ఉండదు. కంప్యూటర్ దగ్గర మనలో చాలామంది మొదటి రకం. ప్రతి స్లైడుకూ చక్కెర తీసేస్తూ కూర్చుంటాం.

మరి ఆ చక్కెర ఎవరి రుచికి వేసింది? పవర్‌పాయింట్ మొదటిసారి 1987లో మాకింటోష్ కంప్యూటర్ల కోసం వచ్చింది. ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్ దాన్ని తయారుచేశారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ 1.4 కోట్ల డాలర్లకు ఆ కంపెనీని కొనేసింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఖాళీ స్లైడు తెరిస్తే కనిపించే కొలతలన్నీ ముందు ఇంగ్లిషు అక్షరాలను చూసి పెట్టినవే. ఇంగ్లిషులో ఒక గీత మీద అక్షరాలు బుద్ధిగా కూర్చుంటాయి. ఏ నాలుగైదో కిందికి తోక చాపుతాయి. మన అక్షరం అలా కాదు. పైన తలకట్టో గుడో, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. ఒంటి అంతస్తు ఇంటికి వేసిన కొలతల్లో మూడంతస్తులు కట్టినట్టుంటుంది మన పని.

2013 నుంచి వచ్చిన పవర్‌పాయింట్‌లో ఖాళీ స్లైడు కొలతలు ఇవి. శీర్షిక 44 పాయింట్లు. లోపలి మాటలు మొదటి మెట్టులో 28, తరవాత 24, 20, 18. వరసల మధ్య దూరం మామూలు దూరంలో 90 శాతమే. డబ్బాలో పట్టనన్ని వరసలు ఎక్కిస్తే అక్షరాలను తనంతట తానే చిన్నవి చేస్తుంది. వరసల దూరాన్నీ ఇంకో 20 శాతం దాకా తగ్గిస్తుంది. నేను వరసకు పద్దెనిమిది పేర్లు కుక్కాను. అది నా మాట కాదనలేక వత్తులను తొక్కేసింది.

ఇంటి అక్షరం వేరు, హాలు అక్షరం వేరు

ఇంట్లో ఒకలా ఉన్నది హాల్లో ఇంకోలా ఎందుకైంది? దీనికీ కారణం ఉంది. ఒకప్పుడు డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు వచ్చేవి. యూనికోడ్ వచ్చాక ఆ బాధ పోయింది. 'క' ఎక్కడైనా 'క'గానే ఉంటుంది. కానీ ఆ 'క' ఏ రూపంలో కనపడాలన్నది మాత్రం ఆ కంప్యూటర్లో ఏ ఫాంటు ఉంటే దాన్నిబట్టే. నేను ఇంట్లో వాడిన ఫాంటు హాలు కంప్యూటర్లో లేదు. అది ఇంకోదాన్ని తెచ్చి పెట్టింది. దాని వత్తులు ఇంకా కిందికి దిగేవి.

ఇంకో ముచ్చట. ఆఫీస్ మామూలు థీమ్‌లో ఏ లిపికి ఏ ఫాంటు వాడాలో ఒక జాబితా దాగి ఉంటుంది. అందులో తెలుగుకు ఎదురుగా రాసి ఉన్న పేరు గౌతమి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ఫాంటు అది. విండోస్ 10 నుంచి గౌతమి కంప్యూటర్‌తో పాటు రావడం మానేసింది. కావాలంటే మనమే తెచ్చి పెట్టుకోవాలి. లేకపోతే దాని బదులు వేరేది కనపడుతుంది. మీరు ఫాంటు మార్చినా ఇంగ్లిషు మాటలు మాత్రమే మారి తెలుగు అలాగే ఉండిపోతే ఆశ్చర్యపోకండి. ఇంగ్లిషుకు ఒక గది, తెలుగులాంటి లిపులకు ఇంకో గది ఉంటాయి. మీరు ఒక గదికే సున్నం వేశారన్నమాట.

ఒక్కసారి చెబితే చాలు

ఇక అమ్మాయి నా చేత చేయించిన పనులు వరసగా చెబుతాను. పిల్లల ప్రాజెక్టులకో, ఆఫీసు మీటింగుకో, ఇంట్లో షష్టిపూర్తికో మీకూ పనికొస్తాయి.

మొదటిది, స్లైడ్ మాస్టర్. పైన 'వ్యూ' నొక్కి 'స్లైడ్ మాస్టర్'లోకి వెళ్లండి. ఎడమవైపు చాలా స్లైడ్లు కనిపిస్తాయి. అన్నిటికన్నా పైన పెద్దదిగా ఉన్నదే తల్లి. కింద ఉన్నవి పిల్లలు. తల్లిలో మారిస్తే పిల్లలన్నీ మారతాయి. నేను పిల్లల్లో ఒకదాన్ని పట్టుకుని మార్చి, మిగతావి మారలేదని విసుక్కున్నాను. తల్లిని పట్టుకోవాలి.

రెండోది, ఫాంటు. తల్లి స్లైడులో శీర్షిక డబ్బా అంచు మీద నొక్కి 'హోమ్'లో తెలుగు ఫాంటు ఎంచుకోండి. కింది డబ్బాకూ అంతే. ఏ విండోస్ కంప్యూటర్లోనైనా దొరకాలంటే నిర్మలా యూఐ మంచిది. విండోస్ 8 నుంచీ అది కంప్యూటర్‌తో పాటే వస్తోంది. ఇంకా అందం కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవి ఉన్నాయి. శీర్షికలకు లావుపాటి రామభద్ర, లోపలి మాటలకు మండలి, మల్లన్న, నోటో సాన్స్ తెలుగు. మార్చాక మాస్టర్‌లోంచి బయటికొచ్చి, ఒక స్లైడులో 'స్త్రీ', 'రాష్ట్రం', 'విద్యుత్తు' కొట్టి చూడండి. ఈ మూడూ చక్కగా కనపడితే ఆ ఫాంటుతో మీకు ఇబ్బంది ఉండదు. వాలు అక్షరాల జోలికి మాత్రం వెళ్లకండి. మన ఫాంట్లలో చాలావాటికి అవి వేరుగా ఉండవు. కంప్యూటర్ నిలువు అక్షరాన్నే పక్కకు వంచుతుంది.

మూడోది, వరసల దూరం. మళ్లీ తల్లి స్లైడుకే వెళ్లి 'లైన్ స్పేసింగ్ ఆప్షన్స్'లో 'మల్టిపుల్' ఎంచుకుని 1.1 గానీ 1.2 గానీ పెట్టండి. పెద్దమ్మ అడిగిన కాళ్లకు చోటు ఇదే.

నాలుగోది, కుంచించే అలవాటు మాన్పించడం. డబ్బా మీద మౌస్ కుడి మీట నొక్కి 'ఫార్మాట్ షేప్', అందులో 'టెక్స్ట్ ఆప్షన్స్', 'టెక్స్ట్ బాక్స్'లోకి వెళితే 'డూ నాట్ ఆటోఫిట్' ఉంటుంది. అది పెడితే మాటలు పట్టనప్పుడు డబ్బా దాటి బయటికొస్తాయి. రానివ్వండి. ఎక్కువ రాశామని అప్పుడే మనకు తెలుస్తుంది. అప్పుడు ఇంకో స్లైడు వేసుకుంటాం.

అయిదోది, నేను పూర్తిగా పప్పులో కాలేసింది. ఫొటోల కింద మాటలన్నీ 'ఇన్సర్ట్'లోని టెక్స్ట్ బాక్సులతో రాశాను. మాస్టర్‌లో సైజు, వరసల దూరం మార్చినా ఈ బాక్సులు ఖాతరు చేయవు. వాటికి మామూలుగా 18 పాయింట్లే. మాస్టర్‌లోని డబ్బాలు ఇంటి మనుషులైతే ఇవి చుట్టాలు. వాటికి వేరుగా చెప్పాలి. ఒక బాక్సును మనకు నచ్చినట్టు దిద్దుకుని, అంచు మీద కుడి మీట నొక్కి 'సెట్ యాజ్ డిఫాల్ట్ టెక్స్ట్ బాక్స్' అంటే ఆ ఫైలులో తరవాత వేసే బాక్సులన్నీ అలాగే వస్తాయి. ముందే వేసినవి మారవు. అందుకని ఈ పని మొదటే చేసుకోవాలి.

ఆరోది, దాచుకోవడం. ఇంత చేసినా ఇదంతా ఆ ఒక్క ఫైలుకే. రేపు కొత్తది తెరిస్తే మళ్లీ చక్కెర చాయే. 'డిజైన్'లో థీమ్‌ల పక్కనున్న బాణం నొక్కి 'సేవ్ కరెంట్ థీమ్' అని ఒక పేరుతో దాచుకోండి. అదే జాబితాలో మీ థీమ్ మీద కుడి మీట నొక్కి 'సెట్ యాజ్ డిఫాల్ట్ థీమ్' అంటే విండోస్ కంప్యూటర్లో ఇక కొత్త ఫైలు మీకు నచ్చినట్టే తెరుచుకుంటుంది.

ఆఖరిది, ప్రయాణం. వేరే కంప్యూటర్లో చూపించాల్సి వస్తే 'ఫైల్', 'ఆప్షన్స్', 'సేవ్'లో 'ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్'కు టిక్కు పెట్టండి. ఫాంటు తయారుచేసినవాళ్లు ఒప్పుకున్నవైతే ఫైలుతో పాటే వెళతాయి. ఇంకా అనుమానంగా ఉంటే ఒక పీడీఎఫ్ కూడా తీసి పెట్టుకోండి. అందులో అక్షరం ఎక్కడికెళ్లినా కదలదు.

డబ్బు పెట్టి కొనలేని బళ్లలో లిబ్రె ఆఫీస్ ఇంప్రెస్ వాడతారు. అందులోనూ మాస్టర్ ఉంది. అక్కడ తెలుగు ఫాంటును 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' అన్న చోట పెట్టాలి, 'వెస్టర్న్' చోట కాదు. గూగుల్ స్లైడ్స్‌లో అయితే 'స్లైడ్' మెనూలో 'ఎడిట్ థీమ్' ఉంటుంది. అక్కడ ఫాంట్లు నెట్ నుంచే వస్తాయి కాబట్టి ఊరు మారినా రూపం మారదు.

ఇదంతా చేయడానికి మాకు ఇరవై నిమిషాలు పట్టింది. పేర్లను మాత్రం రెండు స్లైడ్లనుంచి ఆరు స్లైడ్లకు పెంచాం. స్లైడుకు పన్నెండు పేర్లు. ముందు రోజు రాత్రే ఈ పని చేసి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో!

కొండమీది అక్షరాలు

మర్నాడు అందరం లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్లాలని ముందే అనుకున్నాం. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ ఆ రోజు బొమ్మల కన్నా అక్షరాల మీదకే చూపు పోయింది. 1926లో ఈ లోయలో శిథిలాలు బయటపడ్డాయి. జలాశయంలో మునిగిపోకముందే, 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండమీదికి చేర్చారు. మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల శాసనాలు అవి. బ్రాహ్మీ లిపి, ఎక్కువగా ప్రాకృత భాష. నిలువు గీతలను పైకీ కిందికీ పొడుగ్గా లాగి, చివర వంపు తిప్పి చెక్కడం ఇక్కడి లేఖకుల అలవాటు. ఆ తోకలకు చోటు వదిలే కింది వరస చెక్కారు.

మహాచైత్యం దగ్గరి ఆయక స్తంభాల శాసనాలు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. వీరపురుషదత్తుడి ఆరో ఏట ఆయన మేనత్త చాంతిసిరి మొదలైనవాళ్లు నిలిపించిన స్తంభాలవి. అన్నీ దాదాపు ఒకే మూసలో ఉంటాయి. మొదట శుభమాట, బుద్ధుడికి నమస్కారం, తరవాత రాజవంశ ప్రశస్తి, ఆపైన దాత వివరాలు. మూస ఒకటే, మారేది పేరు. మా అమ్మాయి మాటల్లో చెప్పాలంటే మాస్టర్ ఒకటే. తేడా ఏమిటంటే, ఆ మూసను వాళ్ల అక్షరాన్నీ వాళ్ల రాయినీ చూసి వాళ్లే తయారుచేసుకున్నారు. అందుకే పదిహేడు వందల ఏళ్ల తరవాత కూడా చదవగలిగినవాళ్లు ఆ పేర్లు చదవగలుగుతున్నారు. నేను పెట్టిన పేర్లు ఒక్క పూట కూడా నిలవలేదు.

సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని పైలాన్ కాలనీలో పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. అమ్మాయి కూడా వచ్చింది. అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టి మూడో పేర్ల స్లైడు తెరిచాను. ఈసారి వేలితో చూపించలేదు. ఆమె పైనుంచి కిందికి ఒక్కో పేరూ చూసుకుంటూ వచ్చింది. ఏడో పేరు దగ్గర ఆగింది. లోపలికెళ్లి బ్యాంకు పుస్తకం తెచ్చి తెర పక్కన పెట్టి పోల్చుకుంది.

"గిప్పుడు ఆయనే" అంది. ఆ తరవాత, "నిన్న గంతమంది ముందర గిట్లనే ఉంటే ఎంత మంచిగుండె" అని కూడా అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ పన్నెండు పేర్ల కాగితాన్ని ప్రింటు తీసి పంపిస్తానని చెప్పి వచ్చాను. పంపించాను.

ఈ ఆదివారం మీ ఇంట్లో ఎవరైనా తెలుగులో స్లైడ్లు చేస్తుంటే ఒక్క పరీక్ష పెట్టండి. తెరకు పది అడుగుల దూరంలో ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి చదవమనండి. వాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ కంప్యూటర్‌కు మనం చెప్పాల్సింది ఏదో చెప్పలేదని అర్థం. తల్లి స్లైడుకు వెళ్లి దిద్దండి. ఇరవై నిమిషాల పని. జనం ముందు తెర వెలిగాక మాత్రం ఆ ఇరవై నిమిషాలు దొరకవు.